ఆర్ఫా స్టాలర్డ్ సాక్ష్యం

మా బ్రిస్టల్ ఊరిని స్టేట్ స్ట్రీట్ రెండుగా చీలుస్తుంది. రోడ్డుకి ఉత్తరం వైపు వర్జీనియా, దక్షిణం వైపు టెనెస్సీ. నేను వడ్డన చేసే హోటల్ టెనెస్సీ వైపు ఉంది. ఉప్పు అయిపోతే అవతలి రాష్ట్రానికి పరిగెత్తి తెచ్చుకుంటాం. రాష్ట్రం మారితే చట్టం కూడా మారుతుందన్న సంగతి ఆర్ఫా స్టాలర్డ్‌ని కారు గుద్దేదాకా మాలో ఎవరికీ పట్టలేదు.

ఆర్ఫా స్కూలు బస్సు నడిపేది. కొండదారుల్లో, మంచు పడినా వాన పడినా, ఊళ్ళో సగం మంది పిల్లల్ని ఆమే బడికి చేర్చింది. ఇన్నేళ్ళలో బస్సుకి చిన్న గీత కూడా పడనివ్వలేదు. మనిషి మొరటు, మాట కటువు. పిల్లలు ఆమె బస్సెక్కాక తల్లులు మాత్రం నిశ్చింతగా కాఫీ తాగేవారు.

ఒక శనివారం ఆమె తన సొంత కారులో ఇంటికి వెళుతుంటే, రోడ్డుకి ఉత్తరం వైపు, వర్జీనియా నేల మీద, ఒక కుర్రాడు ఎర్రలైటు దాటి వచ్చి పక్కనుంచి గుద్దాడు. తుంటి ఎముక నుజ్జయింది. డాక్టర్లు అతికించారు గానీ ఎడమకాలు పొట్టిదైపోయింది. బస్సు నడపడం ఇక కుదరదన్నారు.

ఆమె ఆసుపత్రిలో ఉండగానే, ఆ కుర్రాడి ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున లైల్ కాట్రన్ ఫోన్ చేశాడు. ప్రమాదాల్లో ఎవరిది తప్పో తేల్చి, ఎంత ఇవ్వాలో చెప్పడం అతని ఉద్యోగం. తేనె పూసిన గొంతు.

"ఆర్ఫా గారూ, నొప్పి ఎలా ఉందండీ? మా అమ్మకీ తుంటి విరిగిందండీ, ఆ బాధ నాకు తెలుసు. ఏదో కాగితాల కోసం అడుగుతున్నాను, అంతే. మీరు ఎంత వేగంతో వెళుతున్నారు?"

"మామూలుగానే వెళుతున్నా."

"అబ్బే, మనమందరం ఒక్కోసారి కాస్త తొందరపడతాం కదండీ. నిజం చెప్పడంలో తప్పేముంది?"

"బహుశా కొంచెం ఎక్కువే ఉందేమో బాబూ."

ఆ మాట రికార్డయింది. వర్జీనియాలో ప్రమాదానికి నీ తప్పు రవ్వంత కారణమైనా సరే, అవతలివాడు నీకు ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆమె లాయరు తల పట్టుకున్నాడు. "అమ్మా, ఇదే టెనెస్సీ వైపు జరిగుంటే మీ తప్పు వాటా మినహాయించి మిగతాది ఇప్పించేవాణ్ణి. అవతల సగానికి తక్కువ తప్పున్నవాళ్ళకి హక్కుంటుంది. ఇక్కడ లేదు. వదిలేయండి."

ఆర్ఫా వదల్లేదు. డబ్బు పోయినందుకు కాదు. నడపడంలో తప్పు ఆమెదని కాగితం మీద రాశారే, అది ఆమె గుండెలో ముల్లయి దిగింది.

కాట్రన్ ఆఫీసు మా హోటల్‌కి సరిగ్గా ఎదురుగా ఉంది. కర్ర పట్టుకుని నడవగలిగిన నాటి నుంచి ఆర్ఫా రోజూ పొద్దున్నే వచ్చి కిటికీ దగ్గర కూర్చునేది. చేతికర్ర అద్దానికి ఆనించి, అతనికి కనబడేలా. అతను కారు దిగుతూ చూసేవాడు, చూపు తిప్పుకునేవాడు.

"ఏమే, ఇలా ఎన్నాళ్ళు కూర్చుంటావు?" అని నేను విసుక్కున్నాను.

"నువ్వు కాఫీ పోయవే. వాడికి నా మొహం చూస్తే అన్నం సయించకూడదు. అది చాలు నాకు."

చూస్తూ చూస్తూ అతని అలవాట్లన్నీ ఆమెకి కంఠతా వచ్చేశాయి. భోజనానికి కారు తీసేటప్పుడు ఫోను చేతిలోనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే తల వంచుకుని టైపు చేస్తాడు. పచ్చలైటు పడ్డాక వెనకవాడు హారన్ కొడితే గానీ కదలడు. "వీడు ఒకరోజు దొరుకుతాడే" అనేది, కప్పులో చక్కెర కలుపుతూ.

దొరికాడు. ఒక మధ్యాహ్నం మూల మీది సిగ్నల్ దగ్గర, వర్జీనియా వైపే, అతనికి పచ్చలైటు పడింది. తల వంచుకునే కారు ముందుకి పోనిచ్చాడు. ఊరు కాని ఊరి ఫర్నిచర్ లారీ ఒకటి ఎర్రలైటు దాటుకుని దూసుకొచ్చింది. ఆ చప్పుడుకి నా చేతిలో పళ్ళెం జారిపోయింది. ఆర్ఫా కుర్చీలోంచి లేవలేదు. కళ్ళార్పకుండా చూసింది.

కాట్రన్ రెండు కాళ్ళూ విరిగాయి. ఆసుపత్రి నుంచి వచ్చి లారీ కంపెనీ మీద దావా వేశాక, భార్య కోరీన్ చక్రాల కుర్చీలో అతన్ని మా హోటల్‌కి తోసుకొచ్చింది. తిన్నగా ఆర్ఫా బల్ల దగ్గరికే.

"ఆర్ఫా గారూ, ఆ రోజు మీరు ఇక్కడే కూర్చున్నారు కదా."

"కూర్చున్నాను."

"నా చేతిలో..." అని ఆగాడు. "మీరేమైనా చూశారా?"

"ఫోను చూశాను. నువ్వు రోడ్డు చూళ్ళేదు, అదీ చూశాను."

"ఆ మాట ఎత్తకండి, మీకు పుణ్యముంటుంది. తప్పంతా ఆ లారీవాడిది. ఎర్రలైటు దాటొచ్చాడు వాడు!"

"నన్ను గుద్దినవాడూ ఎర్రలైటే దాటొచ్చాడు."

"మీకు తెలీదండీ, ఆ ఒక్క ముక్క చాలు, నాకు చిల్లిగవ్వ రాదు."

"ఎందుకు తెలీదు? నువ్వే కదయ్యా నేర్పావు. నిజం చెప్పడంలో తప్పేముంది?"

కోరీన్ బల్ల అంచు పట్టుకుంది. "ఆయన మీద కోపం నా పిల్లల మీద చూపిస్తారా, అమ్మా?"

"నీ పిల్లల్ని బస్సులో బడికి తీసుకెళ్ళింది నేనే. మంచి పిల్లలు. వాళ్ళ నాన్న నన్నేం చేశాడో వాళ్ళకి చెప్పు."

ఆ సాయంత్రమే ఆర్ఫా లారీ కంపెనీ లాయరుకి స్వయంగా ఫోన్ చేసింది. వాంగ్మూలం రోజున నేనే ఆమెని తీసుకెళ్ళాను. కాట్రన్ తరఫు లాయరు వెటకారంగా అడిగాడు: "మీకు ఈయన మీద పగ ఉంది, అవునా?"

"ఉంది. పగ ఉంది కాబట్టే రోజూ చూస్తూ కూర్చున్నాను. చూస్తూ కూర్చున్నాను కాబట్టే చూశాను. కావాలంటే ఆయన ఫోను తీసి చూసుకోండి."

తీసి చూశారు. సరిగ్గా ఆ నిమిషంలోనే భోజనం గురించి ఎవరికో పంపిన సందేశం ఉంది. కాట్రన్ దావా అక్కడితో చచ్చిపోయింది.

ఊళ్ళో కొందరు ఆర్ఫాతో మాట్లాడ్డం మానేశారు. చర్చిలో కోరీన్ ఆమెని చూసి వరస మార్చి కూర్చుంది. నాకూ మనసు ఒప్పలేదు. ఒకరోజు చిక్కుడుగింజల సూపు, మొక్కజొన్న రొట్టె ఆమె ముందు పెడుతూ అనేశాను: "చివరికి బాగుపడింది ఆ లారీ కంపెనీయే కదే. వాళ్ళూ వీళ్ళలాంటి వాళ్ళే."

"తెలుసు."

"మరి నీకేం ఒరిగింది?"

రొట్టె తుంచి సూపులో ముంచింది. "నిద్ర పడుతోంది."

కాట్రన్ ఆ ఉద్యోగం చెయ్యలేకపోయాడు. ఊళ్ళు తిరిగి విరిగిన కార్లు చూసే పని అది. కుటుంబమంతా అతని అన్నగారి ఊరికి వెళ్ళిపోయింది. ఆఫీసు మూసేసి, ఆ గదిలో చెప్పుల దుకాణం పెట్టారు. తెరిచిన రోజునే ఆర్ఫా రోడ్డు దాటి వెళ్ళింది. కాట్రన్ బల్ల ఉండే చోట కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎడమకాలికి మడమ ఎత్తు పెంచిన జోడు కావాలంది. దుకాణంవాడు మోకాళ్ళ మీద కూర్చుని కొలత తీసుకుంటుంటే గదంతా కలయజూసింది.

"తొందరేం లేదు బాబూ" అంది. "మళ్ళీ ఒకసారి కొలువు."