ఒకే డబ్బా, రెండు రంగులు

మిర్యాలగూడలో మా బామ్మర్ది కట్టుకుంటున్న ఇంటికి ఈరోజు పోయాం. పడకగదికి నీలం కలిసిన బూడిద రంగు డబ్బాలు రెండు తెచ్చాడు. ఒకటి వాడి భార్య సరిత ఎంచింది, ఇంకొకటి వాడి అక్క, అంటే నా భార్య ఎంచింది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

ఆ ముగ్గురూ టీ తాగుతుంటే నేను పెయింటర్‌కు కన్నుకొట్టి, గోడ మీద నమూనాగా వేసే రెండు పట్టీలూ సరిత డబ్బాలోంచే వేయించాను. తర్వాత అందరినీ పిలిచి, “ఎడమది సరితది, కుడిది మా ఆవిడది” అన్నాను.

“నీది సచ్చినోళ్ల మొఖం లెక్కుంది సరితా. నాది సూడు, మబ్బు లెక్క సల్లగుంది,” అంది నా భార్య.

“మబ్బు గాదు వదినా, గిన్నెలు తోమే బూడిద. మీ ఇంట్ల ఏసుకోండ్రి. నా ఇంట్ల మీ పెత్తనమేంది?”

బామ్మర్ది గోడకు ముక్కు ఆనించి చూశాడు. “అక్కదే జర మంచిగుందే,” అన్నాడు.

“గట్లనా? ఆ గదిల మీ అక్కను పిలిచి కూసోబెట్టుకో. నేనైతే అడుగు పెట్ట,” అని సరిత ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది.

బామ్మర్ది అక్క రంగే వేయమన్నాడు. సాయంత్రానికి ఒక గోడ పూర్తయింది, పెయింటర్ నా మాట మీద వేసిన సరిత డబ్బా రంగుతోనే.

సూర్యాపేట వచ్చేదాకా బస్సులో మా ఆవిడ ముఖం వెలిగిపోతూనే ఉంది. ఈ స్టేటస్ ఆ ముగ్గురికీ కనబడకుండా పెట్టాను. చెప్పండి, నిజం ఇప్పుడే చెప్పాలా, గృహప్రవేశం నాడు అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక చెప్పాలా?