ఎడంచేతి బెన్హర్ కార్డు రెన్యువల్

కోటబొమ్మాళి చుట్టుపక్కల కరెంటు తీగలకు తగిలే చెట్లు కొట్టేవాళ్లలో బెన్హర్‌ను మించిన పనివాడు లేడు. ఇది అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. పదకొండేళ్లుగా ఆయన కొమ్మ కోస్తుంటే దానికి కట్టిన తాడు పట్టుకుని కింద నిలబడే మనిషిని నేనే. నా పేరు కూర్మయ్య. ఆయనది బాప్టిస్టు చర్చి కుటుంబం, నేనేమో శ్రీకూర్మంలో మొక్కుకుంటే పుట్టినవాణ్ని. వరసకు ఏమీ కాకపోయినా నేను బావా అంటాను, ఆయన ఒరే అంటాడు. తుఫాను వచ్చి రోడ్డు మీద చెట్లు పడిపోయినా సరే, ఆదివారం ఆరాధన ముగిసేదాకా చెట్లు కోసే చైను మిషన్ ముట్టడు. ముక్కు మీద కోపం. ఆయన పనికి వంక పెట్టినవాడు ఆ రోజుకి బతికి బట్టకట్టడం కష్టం.

ఆయనది ఎడమచేతి వాటం. కోత మిషన్‌కు రెండు పిడులుంటాయి. రేసు ఇచ్చే మీట వెనక పిడికి ఉంటుంది. అందరూ కుడిచేత్తో వెనక పిడి, ఎడమచేత్తో ముందు పిడి పట్టుకుంటారు. మా బావ తిరగేసి పట్టుకుంటాడు. ఊళ్లో ఎడంచేతి బెన్హర్ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. అదేదో ప్రభుత్వం ఇచ్చిన బిరుదు అయినట్టు ఆయన మురిసిపోయేవాడు.

మిషన్ పట్టేవాళ్లకు ఉండాల్సిన అనుమతి కార్డు తొలిసారి ఇచ్చినప్పుడు ఆయన చేతులు ఎవరూ చూడలేదు. నలభై మందిని ఒక షెడ్డులో కూర్చోబెట్టి, వీడియో చూపించి, ఫొటోలు తీసి, టీ ఇచ్చి పంపేశారు. ఆ కార్డు గడువు ఈ నెలతో తీరిపోతోంది. ఈసారి గరివిడి దగ్గర నీలగిరి తోటలో మూడు రోజుల రిఫ్రెషర్ శిక్షణ. చివరి రోజు పరీక్ష పాసైతేనే కొత్త కార్డు.

"కార్డు నేకపోతే వొచ్చే నెల నుంచి నిన్ను మిషన్ ముట్టనివ్వను బెన్హరూ. తర్వాత నన్ననకు," అని మా కాంట్రాక్టరు నరసింగరావు ముందే తేల్చేశాడు. మేమిద్దరం నవ్వుకున్నాం. బెన్హర్‌కు చెట్టు కొట్టడం నేర్పేవాడు ఎక్కడున్నాడు? తాడు పట్టేవాళ్లకు కూడా శిక్షణ ఉందంటే ఆయన వెంట నేనూ రైలెక్కాను.

శిక్షకుడి పేరు ఉదయభాస్కర్. విజయనగరం మనిషి, మా ఇద్దరికన్నా చిన్నవాడు, మాట మెత్తన. మొదటి రోజు పొద్దున్న బావ మిషన్ ఎత్తీ ఎత్తగానే చెయ్యి పైకెత్తి ఆపేశాడు.

"బెన్హర్ గారూ, చేతులు మార్చి పట్టుకోండి."

"నాది ఎడంచేతి వాటమండి."

"ఎడమచేతివాళ్లైనా ఇలాగే పట్టుకోవాలండి. మిషన్ కుడిచేతి కోసమే చేస్తారు. మీరు తిరగేసి పట్టుకుంటే మిషన్ వెనక్కి ఎగిరినప్పుడు చైను దారిలో మీ మెడ ఉంటుంది. బ్రేకు మీట మీద పడాల్సిన మణికట్టు పడదు. ఈ పట్టుతో మాత్రం నేను కార్డు ఇవ్వలేను. ఎల్లుండి దాకా టైముంది, అలవాటు చేసుకోండి."

బావ ముఖం కందగడ్డలా అయిపోయింది. ఇరవై మంది ముందు ఆయన్ని అలా ఆపినవాడు అప్పటిదాకా పుట్టలేదు. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని చూశాను. తిట్టలేదు. కార్డు పోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. యాభైకి దగ్గరపడిన మనిషి, వేరే పని రాదు.

ఆ రోజూ మర్నాడు పొద్దున్నా ఇంజను ఆపేసి, చైనుకు తొడుగు వేసి, ఉత్త మిషన్‌తో సాధన చేశాం. నేను ఎదురుగా నిలబడి "సెయ్యి, సెయ్యి" అని గుర్తు చేయడం, ఆయన మార్చుకోవడం, నిమిషం తిరిగేసరికి చేతులు పాత చోటికి పోవడం. పదిసార్లు అలా అయ్యాక హెల్మెట్ తీసి నేలకు కొట్టాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చున్నాం. ఆయన భార్య లీలారాణి ఫోన్ చేసింది. తిన్నావా అని రోజూ చేసే ఫోనే. బావకు చెవి కాస్త మందం, స్పీకరు పెట్టుకునే మాట్లాడతాడు.

"నాను వొచ్చేస్తన్నాను లీలా. నా వల్ల కాదు. నౌపడ ఉప్పు మడుల్లో పనికెల్లిపోతాను."

"ఏటైనాది?"

చెప్పాడు.

"ఇప్పుడేటి సేస్తన్నావు?" అంది.

"అన్నం తింతన్నాను."

"ఏ సేత్తో?"

బావ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఫోన్ ఎడమచేతిలో ఉంది. ముద్ద కుడిచేతిలో ఉంది.

"సిన్నప్పుడు మీ అమ్మ ఈపు సితక్కొట్టి నేర్పినాదని నువ్వే సెప్పినావు. అన్నం కాడ ఏనాడైనా ఎడంసెయ్యి సాపినావా? ముద్ద నోటికి తెచ్చిన సెయ్యి మీట నొక్కనేదేటి?" అని పెట్టేసింది.

పక్క వరసలో తింటున్న ఉదయభాస్కర్‌కు నవ్వొచ్చింది. "మేడమ్ గారు నాకన్నా బాగా చెప్పారు. బరువంతా మోసేది ముందు పిడి మీదున్న చెయ్యేనండీ. మీ బలమైన చెయ్యి అక్కడుంటే మీకే మేలు. కుడిచేతికి నొక్కడం, వదలడం, అంతే," అన్నాడు. ఎడంచెయ్యిని ఎవరూ పనిలోంచి తీసెయ్యడం లేదని బావకు అప్పుడు తలకెక్కింది. ఆ సాయంత్రం దాకా సాధనే, నన్ను కూర్చోనివ్వలేదు.

మూడో రోజు ఆయన వంతు వచ్చింది. చెట్టు పడాల్సిన చోట ఒక మేకు పాతారు. బావ మిషన్ ఎత్తాడు. ఎత్తడం పాత పద్ధతిలోనే ఎత్తాడు. ఇంకా ఇంజను తిప్పలేదు. ఉదయభాస్కర్ కాగితం పట్టుకుని చూస్తున్నాడు. బావ తన చేతుల వంక చూసుకుని, మిషన్ నేల మీద పెట్టి, కుడిచేతి చెమట ప్యాంటుకు తుడుచుకుని, చేతులు మార్చి మళ్లీ ఎత్తాడు. చెట్టు పడాల్సిన వైపు మొదట్లో నోరులా గాటు కోశాడు. వెనకనుంచి కోసుకొచ్చి చెట్టు అదుపు తప్పకుండా మధ్యలో రెండు వేళ్ల మందం చెక్క వదిలాడు. ఎప్పుడూ కోసేదానికి రెట్టింపు టైము పట్టింది. చెట్టు నెమ్మదిగా వాలి మేకు పక్కన మూరెడు దూరంలో పడింది.

"పాస్," అన్నాడు ఉదయభాస్కర్, కాగితం మీద రాసుకుంటూ.

తిరుగు రైల్లో బావ కొత్త కార్డు పదిసార్లు తీసి చూసుకున్నాడు. పొందూరు దాటాక ఉన్నట్టుండి అడిగాడు.

"పదకొండేళ్లు కింద నిలబడ్డావు. ఆ మాస్టారు సెప్పిందంతా నీకెప్పుడూ అనిపించనేదేట్రా?"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "అనిపించీది బావా. నువ్వు రేసిచ్చిన పెతీసారి తల దించీసుకునీవోణ్ని, నీ మెడకేసి సూడనేక."

"మరి సెప్పనేదేటి?"

"సెప్తే తిట్టీవోడివి."

తిడతాడనే అనుకున్నాను. ఆయన కార్డు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరగకుండానే, "రేపట్నుంచి నువ్వు ఆపమంటే ఆపీస్తాన్రా," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది.