రోలుబండ చూడ్డానికి కుప్పం దాకా

గురువారం మధ్యాహ్నం మా రోలుబండకు వైరు రంపం పెడతారని వదిన ఫోన్ చేసింది. కుప్పం దగ్గర మా పుట్టింటి ఊరి వెనక కొండ గ్రానైటు లీజుకు పోయింది. ఆ కొండ పాదాన ఉన్న బండ మీదే మా అమ్మ రాగులు ఎండబోసేది, నడుమ తొలిచిన రోట్లో దంచేది. కోసేలోగా ఒక్కసారి చూడాలని బయలుదేరాను.

మదనపల్లెలో ఉదయం 5.40కి పుంగనూరు బస్సెక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. పుంగనూరులో ఇడ్లీ తిన్నాను. ఏడింటికి రావలసిన కుప్పం బస్సు 7.50 దాకా రాలేదు. నేను అటూ ఇటూ తిరుగుతుంటే టమాటా బుట్టల దగ్గరున్నావిడ నవ్వింది.

"యాలమ్మా అట్లా తిరగతాండావు? నువ్వు సూస్తే బస్సు బిరీన వస్తాదా?"

పలమనేరు, వి.కోట మీదుగా 10.45కి కుప్పం. షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. ఊళ్ళో దిగగానే వదిన నన్ను క్వారీకి తీసుకెళ్ళింది.

బండ ఉంది. దాని మీద ఎర్రరంగు గీతలు రోలును తప్పించి అటొకటి, ఇటొకటి పోయాయి. ఎందుకలా అని మేస్త్రీ మునెప్పను అడిగాను.

"పెద్ద సైజు దిమ్మె తీస్తే గవర్నమెంటుకి క్యూబిక్ మీటరుకి ఎక్కువ రాయల్టీ కట్టాల అవ్వా. చిన్న సైజుకి తక్కువ. రంగును బట్టి కూడా రేటు మారతాది."

"అయితే అన్నీ చిన్నవే కోస్తే పోలేదాప్పా?"

"పెద్దదానికి అమ్మకం ధర అంతకన్నా ఎక్కువ కదా! ఈ బండలో ఒక్క చీలిక లేదు. నడిమధ్య రోలు ఉండాది, ఏం చేసేది? రెండు చిన్న దిమ్మెలే."

"సూడు, మా అత్త పోయినాక కూడా గవర్నమెంటు రాయల్టీకి గండి కొట్టింది!" అంది వదిన.

నేనూ నవ్వాను. తర్వాత బండ మీద కూర్చుని రోట్లో చెయ్యి పెట్టాను. చిన్నప్పుడు మోచెయ్యి మునిగేది. ఇప్పుడు మణికట్టు దాటి కొంచెమే. లోపల నున్నగా, వెచ్చగా ఉంది.

"ఈ రోలు ముక్క ఏమవుతాదప్పా?"

"వేస్టు కుప్పలో పడతాది."

"నేను తీసుకుపోనా?"

"బస్సులో పెట్టుకుంటావా అవ్వా? దాన్ని గేటు దాటించాలన్నా పర్మిట్టు కావాల."

ఒంటిగంట దాటాక విజిల్ వేశారు. లేచాను. తీగ తిరగడం, నీళ్ళు చిమ్మడం చూశాను, తెగేదాకా ఉండలేకపోయాను.

కుప్పంలో 2.40కి బస్సు. అటు వెళ్ళేవాళ్ళు పుంగనూరులో ఒక గంట చేతిలో ఉంచుకుని బయలుదేరడం మంచిది. వి.కోట దాటాక ఒక దిమ్మెల లారీ మా పక్కనే వచ్చింది. దిమ్మెల మీద పొడవు, వెడల్పు, ఎత్తు తెల్లరంగుతో రాసి ఉన్నాయి. ఏ ఊరి రాళ్ళో రాసి లేదు. లారీ వెనకబడేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను.