చుక్కల మందు మందే కాదనుకున్నాను

ఆ రోజు పొద్దున్న పొయ్యి దగ్గర కూర్చుని గంట కూడా కాలేదు, ఊపిరి అందలేదు. మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళుగా పూతరేకులు తీస్తున్నాను. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండిలో తడిపిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. ఆ రోజు గుడ్డని పిండిలోనే వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఛాతీలో పిల్లికూతలు నాకే వినిపిస్తున్నాయి.

నా అనుమానం నేరుగా సత్యవతి మీదకి పోయింది. సత్యవతి నా తోటికోడలు. పక్క కుండ తనదే, ఇద్దరి పొయ్యిల్లోకీ ఎండు కొబ్బరాకులు తెచ్చేదీ తనే. ఆకు సరిగ్గా ఎండకపోతే పొగ చిమ్ముతుంది. నేను పని మానేస్తే నా దగ్గర కొనేవాళ్ళంతా తన దగ్గరికి పోతారు కదా! ఆ రోజు నుంచి ప్రతి మట్టనీ విరిచి చూసేదాన్ని. "ఏంటక్కా, ఆకుల్లో ఏం వెతుకుతున్నావు?" అని నవ్వేది. ఆ నవ్వూ నాకు తేడాగానే కనిపించేది.

మా ఆయన రాజమండ్రి తీసుకెళ్ళారు. ఛాతీ డాక్టరు గారు చిన్నావిడ, మా అమ్మాయి వయసుంటుంది. ఎక్స్‌రే బాగానే ఉంది. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ బాలేదు. ఈసీజీ చూసి, "పల్స్ యాభై రెండే ఉందేంటమ్మా?" అన్నారు.

"మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండి."

"బీపీకి, షుగర్‌కి?"

"ఏమీ లేవండి. నాకు మాత్ర అంటేనే గిట్టదు."

పొగ వల్ల ఆస్తమా అన్నారు. ఇన్‌హేలర్ రాసి, పొయ్యికి దూరంగా ఉండమన్నారు. ఎంత పీల్చినా గుక్క తిరగలేదు. నెల తర్వాత డోస్ పెంచారు. ఇంకోసారి నెబ్యులైజర్ పెట్టి గంటసేపు కూర్చోబెట్టారు, అదీ అంతంతమాత్రమే. నకిలీ సరుకు అంటగడుతున్నారని మెడికల్ షాపు మార్చాను. పొద్దున్నా సాయంత్రం గొంతులో చేదు తగులుతుంటే, రొయ్యల చెరువులొచ్చి మా బోరు నీళ్ళు పాడయ్యాయని టిన్ను నీళ్ళు తెప్పించాను. మందు చీటీ మీద అక్షరాలు కూడా కావాలనే అర్థం కాకుండా రాశారనుకున్నాను.

ఒకరోజు ఆయాసంతో మాట రాకపోయినా సత్యవతిని అనడానికి మాత్రం వచ్చింది. "పచ్చాకులు పెట్టి నన్ను చంపుతున్నావే," అన్నాను.  మర్నాడు తను కుండ తీసుకుని వాళ్ళ పెరట్లోకి మారిపోయింది. తప్పు చేసింది కాబట్టే జారుకుందని మా ఆయనతో అన్నాను. "నీ అనుమానానికి ఏ డాక్టరూ మందు రాయలేడు," అన్నారాయన.

తర్వాత నేనూ పొయ్యి ఆపేశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఏడుపొచ్చేది. నాకు తెలిసిన విద్య అదొక్కటే. అది పోతే ఆ ఇంట్లో నేనెవరినో నాకే తెలియలేదు. పోనీ ఆయాసమన్నా తగ్గిందా అంటే, మూడు వారాలైనా అలాగే ఉంది.

అంతలో తునిలో మా ఆడపడుచు ఇంట గృహప్రవేశం వచ్చింది. ఐదు రోజులు ఉన్నాం. మొదటి రెండు రోజులూ మామూలే. మూడో రోజు హోమం దగ్గర కూర్చున్నాను, దగ్గు రాలేదు. ఐదో రోజు అన్నవరం వెళ్ళి, కొండ మెట్లు ఆగి ఆగి అయినా నడిచే ఎక్కేశాను.

"చూశావా, పొగకి దూరంగా ఉంటే ఎలా ఉన్నావో," అన్నారు మా ఆయన.

"హోమం పొగ పొగ కాదేంటండీ?" అన్నాను.

ఇంటికొచ్చిన రెండో రోజే మళ్ళీ పిల్లికూతలు. ఇంట్లో పొయ్యి లేదు, పక్కన సత్యవతీ లేదు. ఇంకెవర్ని అనుమానించాలో తెలియక డాక్టరు గారినే అనుమానించి, పోట్లాడదామని వెళ్ళాను. ఆవిడ అంతా విని, "ఆ ఐదు రోజులూ ఏం మానేశారు?" అని అడిగారు.

"ఏమీ మానలేదండి. కాఫీతో సహా. కంటి చుక్కలొక్కటే ఇంటి దగ్గర మర్చిపోయాను."

ఆవిడ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. "ఏ చుక్కలు?"

"నీటికాసులకండి, కంట్లో ప్రెషర్ పెరిగిందన్నారు. ఉగాది ముందు కంటి డాక్టరు గారు మొదలెట్టారు."

"ఆయాసం ఎప్పుడొచ్చింది?"

"ఉగాది వెళ్ళాక."

"మందులు వాడుతున్నారా అని వచ్చినప్పుడల్లా అడిగాను కదమ్మా!"

"మందులంటే మింగేవి కదండీ."

తునికి మర్చిపోయినప్పటి నుంచి సీసా సంచిలోనే ఉంచుకుంటున్నాను, అది తీయించి చదివారు. "టిమోలాల్. ఇది బీటా బ్లాకర్. ఊపిరి గొట్టాల్లో బీటా టూ అని రిసెప్టర్లుంటాయి, తలుపుల్లాంటివి. ఇన్‌హేలర్ మందు వెళ్ళి తడితే గొట్టాలు తెరుచుకుంటాయి. మీ చుక్క ముందే వెళ్ళి లోపల గడియ పెట్టేసింది. గుండెలో బీటా వన్ ఉంటాయి, వాటికీ అంతే. అందుకే పల్స్ తగ్గింది."

"కంట్లో వేసింది గుండెకెలా పోతుందండీ?" నాకు నమ్మకం కుదరలేదు.

"కంటి మూల నుంచి ముక్కులోకి దారి ఉంది, అక్కణ్ణుంచి రక్తంలోకి. వేసుకోగానే గొంతులో చేదు తగలట్లేదూ?"

తగిలేది. నేను బోరుని తిట్టింది ఆ చేదుకే.

"అలాగని మీ అంతట మీరు ఆపకండి, కన్ను దెబ్బతింటుంది," అని నా ముందే కంటి డాక్టరు గారికి ఫోన్ చేశారు. ఆ మధ్యాహ్నమే ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన నా ఫైలు తిప్పి చూపించారు. "ఆస్తమా ఎప్పుడైనా ఉందా అని మొదటి రోజే అడిగానమ్మా. లేదన్నారు."

అన్నాను. చిన్నప్పుడు నాకు పిల్లికూతలు వచ్చేవి. ఉన్నాయంటే ఇంకో టెస్టు రాస్తారని, అబద్ధమాడాను. మా ఆయన ముందు తలెత్తలేకపోయాను.

చుక్కలు మార్చారు. పది రోజుల్లో ఊపిరి కుదుటపడింది, పల్స్ డెబ్బైకి వచ్చింది. అప్పటిదాకా పనిచేయని ఇన్‌హేలర్ కూడా పనిచేసింది. ఇప్పుడు గాలి ఆడే చోట కుండ పెట్టుకుని ఒక్కపూట రేకులు తీస్తున్నాను. అంతకు మించి వద్దన్నారు డాక్టరు గారు. మూడు నెలలకోసారి కంటికీ ఛాతీకీ చూపించుకుంటాను.

ఊపిరి వచ్చాక సత్యవతి పెరట్లోకి వెళ్ళాను. జరిగిందంతా చెప్పి, నోరు జారానన్నాను. తను కుండ మీంచి రేకు తీసి పక్కన పెట్టింది.

"నువ్వన్న మాటకి నేను వెళ్ళిపోలేదక్కా. రెండు పొయ్యిల పొగ నీకు ఎక్కువవుతుందని ఇటొచ్చేశాను."

"మరి చెప్పలేదేంటే?"

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. అది కూడా ఏదో ఎత్తే అనుకునేదాన్ని.

ఇది చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. ఏ డాక్టరైనా మందులు వాడుతున్నారా అని అడిగితే, కంటి చుక్కలు, ముక్కు చుక్కలు, పైపూతలు, అన్నీ సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. పాత జబ్బులు అడిగితే చిన్నప్పటివి కూడా చెప్పండి. నేను చెప్పలేదు. చెప్పకపోగా, ఆ తప్పు సత్యవతి మీద వేశాను.