కాజీపేట దాటాక చీకటి

సముద్రం చూడకుండానే నాకు సముద్రం మీద విసుగు పుట్టింది. తప్పు సముద్రానిది కాదు, పుస్తకాలది. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ, బోరబండలో ఒక గది కిరాయికి తీసుకుని ఉన్న ఆ రోజుల్లో నేను చదివినవన్నీ సముద్రతీరాల యాత్రా పుస్తకాలే. మా ఆఫీసులో నెలకోసారి, శనివారం నాడు, ట్రైనింగ్ గదిలో కొందరం కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్ళం. నేను తప్ప అందరూ కోస్తా వాళ్ళు. వాళ్ళకు ఊరి మీద బెంగ, నాకు ఎన్నడూ చూడని నీళ్ళ మీద ఆశ. అందుకే వాళ్ళు తెచ్చిన ప్రతి పుస్తకమూ చదివేదాన్ని. చివరిదాకా చదివేది కూడా నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు అట్ట చూసి, ముందుమాట చదివి, కళ్ళు తుడుచుకునేవారు.

ఆ పుస్తకాలు నాలుగు చదివితే ఐదోది మనమే రాసేయవచ్చు. రచయిత సాయంత్రం లింగంపల్లిలో రైలెక్కుతాడు. పులిహోర పొట్లం విప్పుతాడు. తిని, పై బెర్తు మీద పడుకుంటాడు. కళ్ళు తెరిచేసరికి గోదావరి వంతెన, చేతిలో రూపాయి బిళ్ళ. ఆ తర్వాత సరుగుడు తోటలు, తడి ఇసుక, చేపల గంప నెత్తిన పెట్టుకున్న ఒకామె. పాపం ఆమె నాలుగు చేపలు అమ్ముకుందామని వస్తే, రచయిత ఆమె నోట్లో వేదాంతం పెట్టి పంపిస్తాడు. అధ్యాయం చివర సూర్యుడు సముద్రంలో మునిగి తీరాలి. మన తీరంలో పొద్దు నీళ్ళలోంచి పొడుస్తుందే గాని నీళ్ళలో కుంకదని బళ్ళో పిల్లలకు కూడా తెలుసు. అయినా ఒక పుస్తకంలో కుంకింది. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఒక్కరూ ఇదేమిటని అడగలేదు సరికదా, ఆ పేజీని గొంతు సవరించుకుని పైకి చదివారు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరాక మా గదిలోని సముద్రం కూడా మారింది. బంద్ అంటే ఎంఎంటీఎస్ రైళ్ళు నడిచేవి కావు, ఆఫీసు గేటు మూసి ఇంటినుంచే పనిచేయమనేవారు. మర్నాడు క్యాంటీన్‌లో ఒక బల్ల దగ్గర ఒక వైపువాళ్ళు, మరో బల్ల దగ్గర మరో వైపువాళ్ళు కూర్చునేవారు. పుస్తకాల గదిలో సముద్రం మెల్లగా ఆస్తి అయిపోయింది. హైదరాబాద్ పోతే పోనీ, మాకు సముద్రం ఉంది అన్నాడు ఒకాయన. గచ్చిబౌలిలో ఫ్లాటు కొనుక్కుని, ఏ రెండేళ్ళకో ఒకసారి ఆ సముద్రం దగ్గరికి పోయి, అక్కడ సిగ్నల్ అందడం లేదని తిట్టుకుంటూ తిరిగొచ్చే మనిషి. ఆ మాట అనేసి నావైపు చూసి, మిమ్మల్ని కాదండి అన్నాడు. నన్ను కాకపోతే ఇంకెవరిని? ఆ గదిలో అవతలి వైపుదాన్ని నేనొక్కదాన్నే. అయినా వెళ్ళడం మానలేదు. పుస్తకాలు అక్కడే దొరికేవి మరి.

అప్పుడే మా మేనేజర్ తన తీరయాత్రల పుస్తకం అచ్చువేయించారు. మంచి మనిషే. గొంతు పెంచి ఎరగరు, సెలవడిగితే కారణం అడగరు. ఆవిష్కరణ సభలో నన్ను మాట్లాడమన్నారు. మీవైపు నుంచి కూడా ఒకరు ఉన్నట్టుంటుందండి అన్నారు. గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టినట్టు నన్ను వేదిక మీద పెడుతున్నారని తెలియకపోలేదు. కానీ అదే నోటితో, ఈసారి డిసెంబరులో మేమంతా సముద్రానికి వెళ్తున్నాం, మీరూ రండి అన్నారు. ఏటా వెళ్ళేవాళ్ళే, ఏనాడూ పిలవలేదు. ఆ మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. దాచుకోవడం ఎందుకు, సముద్రం చూడాలని నాకు పిచ్చి ఆశ.

పుస్తకం చదివాను. లింగంపల్లి ఉంది, పులిహోర ఉంది. ఆ కిందనే ఒక వాక్యం: కాజీపేట దాటాక చూడడానికి చీకటి తప్ప ఏమీ లేదు.

మాది కాజీపేట. మా రైల్వే క్వార్టర్ పట్టాల పక్కనే ఉండేది. ఆ బండి పోతుంటే వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. మా బాపు పాయింట్స్‌మన్. ఆ చీకట్లో పచ్చదీపం పట్టుకుని నిలబడి, ఆ పులిహోర తిన్న పెద్దమనుషులనందరినీ క్షేమంగా సముద్రం వైపు పంపింది ఆయనే. అన్ని పుస్తకాల్లోనూ రచయితలు నిద్రపోతూ దాటిన చోటు మా ఊరేనని నాకు అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. ఆ వాక్యం అలా ఉండడానికి వీల్లేదనుకున్నాను.

సభ గచ్చిబౌలిలో ఆయన అపార్టుమెంటు కమ్యూనిటీ హాల్లో జరిగింది. వెనక ఫ్లెక్సీ మీద ఏ దేశపు సముద్రమో, ఏ దేశపు కొబ్బరిచెట్లో. నాకు ముందు మాట్లాడినవాళ్ళు పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. సముద్రమంత మనసని రచయితను పొగిడి, టీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. నేను ఇంట్లో రాసుకున్న మర్యాద తెలుగులోనే మొదలుపెట్టాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా భాష ఇంటికి పోయింది.

"సార్, ఆ చీకట్ల మేమున్నం. మీ బండికి మా బాపు దీపం చూపెట్టిండు. మల్ల అచ్చేసినప్పుడు ఆ ఒక్క మాట మార్చి రాయుండ్రి."

ఆ మధ్యనే రైల్ రోకో జరిగి బండ్లన్నీ గంటల తరబడి ఆగిపోయాయి. వెనక వరసలోంచి ఎవరో, మీవాళ్ళు పట్టాల మీద కూర్చున్ననాడు మాకు కాజీపేట బాగానే కనిపించిందండీ అన్నాడు. హాలంతా నవ్వింది. మేనేజర్ మైకు అందుకుని, అది ఉత్త వర్ణనేనండి, నా మనసులో ఏమీ లేదు అన్నారు. అబద్ధం కాదు. ఆయన మనసులో నిజంగానే ఏమీ లేదు, వచ్చిన చిక్కల్లా అదే. తప్పకుండా చూస్తానని మాత్రం అందరి ముందూ మాటిచ్చారు. డిసెంబరు యాత్ర మాట మళ్ళీ ఎవరూ నా దగ్గర ఎత్తలేదు. తిరిగొచ్చాక ఫోటోలు మాత్రం ఆఫీసులో అందరితో పాటు నాకూ పంపారు. అన్నింట్లోనూ సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారు.

ఆ పుస్తకం ఊరికి తీసుకుపోయి, ఆ వాక్యం కింద వేలుపెట్టి బాపుకు చూపించాను. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. నాలాగే మండిపడతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, కూడబలుక్కుని చదివి, మొఖం చేటంత చేసుకున్నాడు.

"మన కాజీపేట పేరు పుస్తకంల పడ్డది బిడ్డా."

దాంట్లో మనల్ని చీకటి అన్నాడు గదా అంటే, పండుకున్నోనికి ఇంకేం కనవడతది అని కొట్టిపారేశాడు. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేశాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ పేజీ చూపించేవాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఇంత చిన్నదానికి ఇంత సంబరమా అనిపించింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. బల్లల దగ్గర మళ్ళీ అందరూ కలిసే తిన్నారు, ఎప్పుడూ ఏమీ జరగనట్టు. ఒకరోజు మేనేజర్ కొత్త ముద్రణ పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చారు. ఆయన మొహంలో నిజమైన సంతోషం ఉంది.

"మీరు బాధపడ్డారు కదండీ. ఆ వాక్యం తీసేశాను."

నేను మార్చమన్నాను, ఆయన తీసేశారు. పేజీ తెరిచాను. రచయిత పులిహోర తిని చేయి కడుక్కున్నాడు. ఆ తర్వాతి వాక్యంలోనే గోదావరి వంతెన. ఇంతకుముందు చీకటిగానైనా ఉండేవాళ్ళం, ఇప్పుడు అది కూడా లేదు. ఆయన నేనేదో అంటానని నిలబడే ఉన్నారు. థాంక్స్ సార్ అన్నాను. అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం బాపు ఫోన్ చేసినప్పుడు, ఆ పుస్తకం మళ్ళీ అచ్చయిందని నోరుజారి చెప్పాను. మన ఊరి పేరు అందులో కూడా ఉందా అని అడిగాడు. లేదు, తీసేశారన్నాను.

"మరి బండి ఏడ ఆగిందట?"

"ఏడా ఆగలేదట బాపూ" అన్నాను.