లెక్కకు రాని మూడు వందల ఎనభై నాలుగు మార్కులు

అద్దంకి దగ్గర మూడెకరాల మిరపచేను కోటేశ్వరిది. కళ్లంలో కాయలు పోశారంటే ఎర్రకాయ ఎటో, తెల్లబడ్డ తాలుకాయ ఎటో ఆమె చెయ్యే ఏరేస్తుంది, కళ్లతో పనిలేదు. అంతటి మనిషికీ కూతురు బిందుమాధవి ఇంటర్ మార్కులు మాత్రం కొరుకుడు పడలేదు. వెయ్యికి ఎనిమిది వందల నాలుగు! వీధి వీధంతా చెప్పుకొచ్చింది. తీరా చూస్తే ఇంజనీరింగ్ ర్యాంకు లక్ష దాటింది. కంప్యూటర్ సీటు మీద పెట్టుకున్న ఆశ అడుగంటింది.

సంగతేమిటో తేల్చుకుందామని కూతుర్ని వెంటబెట్టుకుని, ఒంగోలులో సర్టిఫికెట్లు చూసే చోటికి వెళ్లింది. బల్ల దగ్గర గురునాథం అనే లెక్చరర్ కూర్చున్నాడు.

"ఎంట్రన్సుకి ముప్పాతిక, ఇంటర్‌కి పాతిక కలిపి ర్యాంకు వేస్తారమ్మా. ఆ పాతిక్కూడా లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మార్కుల్నించే. వాటిల్లో మీ అమ్మాయికి ఆరొందలకి నాలుగొందల ఇరవయ్యే."

"మరి ఇంగ్లీషు, సంస్కృతం?"

"తీసేస్తారు."

"తీసేస్తారా! సంస్కృతంలో రెండొందలకి నూట తొంభై ఎనిమిదండీ! ఎర్రటి కాయని తాలు కింద నెట్టేసి, మిగిలినదానికి ధర కడతారా? దొంగ తూకం వేసేవాడైనా ఇంత పని చెయ్యడు!"

గురునాథం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను సంస్కృతం లెక్చరర్‌నేనమ్మా. పాతికేళ్లుగా ఇదే వరస."

కోటేశ్వరి కోపం సగానికి దిగింది. పాపం, ఈయన్నీ ఏరి పక్కన పోశారన్నమాట.

"ఒక మాట చెప్పనా?" అన్నాడాయన గొంతు తగ్గించి. "మా డిగ్రీ కాలేజీలో సంస్కృతం బీఏ ఉంది. ఎంట్రన్సు లేదు. ఇంటర్ మార్కులు చూసే సీటు. ఈ ఏడు ఒక్కరన్నా చేరకపోతే మూసేస్తామంటున్నారు."

బిందుమాధవి నసిగింది. "సార్, నాకు సంస్కృతం రాదు. తెలుగు అక్షరాల్లో బట్టీపట్టి రాశా."

"తెలుసమ్మా. దిద్దింది మేమేగా!"

"ఒసేయ్, నువ్వుండు!" అని కోటేశ్వరి బల్ల మీదికి వంగింది. "ఎనిమిదొందల నాలుగూ చూస్తారా?"

"ఒక్క మార్కు కూడా పోదు."

"అక్కడ లెక్కల సబ్జెక్టు ఉంటుందా సార్?" అంది బిందుమాధవి.

"ఉండదు."

"అయితే చేరతా."

వారం తిరక్కుండా కాలేజీ గోడకి మెరిట్ లిస్టు అంటించారు. మొదటి పేరు బిందుమాధవిదే. కోటేశ్వరి ఫోనుతో రెండు ఫొటోలు కొట్టి, తన కూతురి తరవాత నిలిచిన పిల్ల ఎవరా అని కిందికి చూసింది.

కింద ప్రిన్సిపాల్ సంతకం ఉంది.