వెంట్రుకవాసి బాబాయి

లోకంలో ఏ రెండు వస్తువులు పక్కపక్కన ఉన్నా, వాటి మధ్య ఎడం సరిగ్గా లేదని మా బాబాయి గట్టి నమ్మకం. ఆయన కంటబడితే చాలు, ఒకదాన్ని వెంట్రుకవాసి అటో ఇటో జరపాల్సిందే. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని ‘వెంట్రుకవాసి’ అనేవాళ్లు. అక్కడే పనిచేసే నేను మాత్రం ‘వెంట్రుకవాసి బాబాయి’ అనేదాన్ని. సొంత బాబాయి కదా, ఆ మాత్రం మర్యాద ఉండొద్దూ!

ఒకసారి గుండె పరీక్షకని వెళ్లి, డాక్టరు గదిలో పటం సరిచేసి, బయట రోగుల కుర్చీలన్నీ జరిపి, అసలు పరీక్ష మరిచిపోయి ఇంటికొచ్చాడు.

"డాక్టరేమన్నాడండీ?" అంది పిన్ని ఆదుర్దాగా.

"మంచివాడే. కాకపోతే కనుబొమలు మరీ దగ్గరగా ఉన్నాయి."

మా అన్నయ్య పెళ్లిలో ఫోటోకి అందర్నీ జరిపి జరిపి, చివరికి పెళ్లికొడుకునే ఫోటోలోంచి బయటికి జరిపేశాడు.

ఇలాంటి మనిషికి తగ్గ పని దేవుడే చూపించాడు. సంగీతాన్ని కాగితం మీదికెక్కించే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం. వాయించేవాళ్ల ముందు కాగితాల మీద అయిదేసి గీతలూ, వాటి మీద చీమల బారులా స్వరాలూ ఉంటాయే, అవి. ఒకే పాటని కావాలంటే పాత అచ్చు పుస్తకంలా, కావాలంటే చేత్తో రాసినట్టు, మీట నొక్కగానే శైలి మార్చి చూపించాలని బాబాయి పంతం. ఏ స్వరం పక్కన ఏ స్వరం ఎంత దూరంలో ఉండాలో ఆయనే చూసేవాడు. పొద్దున కుడికి జరిపినదాన్ని మధ్యాహ్నం ఎడమకి జరిపేవాడు.

"బాబాయ్, ఇది మొదట ఇక్కడే ఉందిగా?"

"ఉంది. అప్పుడు తెలీక ఉంది. ఇప్పుడు తెలిసి ఉంది."

ఆఫీసులో ఆయన భాగస్వామి చిన్ననాటి స్నేహితుడే. సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ బయటికి రాకపోయేసరికి పాపం బట్టతలే బయటికొచ్చింది. "ఒరేయ్, నీ వెంట్రుకవాసికి నా వెంట్రుకలన్నీ అయిపోయాయిరా!" అని మొత్తుకునేవాడు.

ఎట్టకేలకు ఊళ్లోని వాద్యబృందం మా సాఫ్ట్‌వేర్‌ని పరీక్షిస్తామంది. మేం ముద్రించిన కాగితాలు చూసి ఒక కొత్త పాట వాయిస్తారు. నచ్చితే కొంటారు. నచ్చకపోతే మా ఆఫీసుకు తాళమే. బాబాయి వాళ్ల సాధన చూడ్డానికి రోజూ వెళ్లొచ్చాడు. వాయిస్తున్నవాళ్ల కుర్చీలు జరుపుతున్నాడని ఒకసారి గెంటేశారు కూడా.

పరీక్ష రోజు ఆఫీసులో అడుగుపెట్టేసరికి భాగస్వామి గారి కేకలు మెట్ల దాకా వినిపిస్తున్నాయి.

"చూడమ్మా మీ బాబాయి నిర్వాకం! అన్ని కాగితాలూ మార్చేశాడు!"

చూద్దును కదా, గీతలు ఎడంగా, స్వరాలు లావుగా, పేజీ తిప్పే చోటల్లా చేతికి విరామం ఉండేలా కొత్త శైలి. పల్చటి కాగితాల కట్ట కాస్తా దిండులా ఉబ్బింది.

"వెంట్రుకవాసి పోయి మూరెడు ఎడం వచ్చిందేంట్రా? రెండు స్వరాల మధ్య లారీ తోలొచ్చు!"

"పాటకి కాస్త గాలాడనీరా," అన్నాడు బాబాయి పిల్లిలా.

మళ్లీ ముద్రించే వ్యవధి లేదు. దిండ్లు మోసుకుని హాలుకి వెళ్లాం.

బృందం వాయించడం మొదలుపెట్టింది. అందరూ బృంద నాయకుడి ముఖం చూస్తుంటే, బాబాయి మాత్రం వెనక వరుసలో వయొలిన్ పట్టుకున్న పెద్దావిడనే చూస్తున్నాడు. కాగితానికి ముక్కు ఆనించి వాయించే మనిషిట. ఆరోజు నిటారుగా కూర్చుని హాయిగా వాయించింది. ఆఖరి పేజీ తిప్పి తనలో తను నవ్వుకుంది కూడా.

"బాబాయ్, ఇదంతా ఆవిడ కోసమా?"

"ష్! ఆవిడకి కాగితం కనబడట్లేదే. పాత పాటలన్నీ కంఠస్థం చేసి నెట్టుకొస్తోంది. ఈ కొత్త పాటతో మానేస్తానని పక్కావిడతో అంటుంటే విన్నా."

"మరి ఆవిడకొక్కదానికే ఇస్తే పోయేదిగా? అందరికీ ఎందుకు?"

"ఒక్కావిడకే ఇస్తే, ఒక్కావిడకే కనబడట్లేదని అందరికీ కనబడిపోతుంది కదే!"



పాట అయ్యాక బృంద నాయకుడు గంభీరంగా వచ్చాడు.

"సాఫ్ట్‌వేర్ బాగుంది, తీసుకుంటాం. కానీ ఇంత లావు స్వరాలెందుకండీ? మేమేమన్నా చూపు ఆననివాళ్లమా? మామూలు శైలి చాలు."

భాగస్వామి గారు ఊపిరి పీల్చుకున్నారు. బాబాయి ముఖం మాత్రం వాడిపోయింది.

కాగితాలు సర్దుకుని వరండాలోకి వచ్చానో లేదో, వేణువు ఆయన నా చెవిలో గొణిగాడు. "అమ్మాయ్, నాకు మాత్రం ఆ లావు శైలే పంపు. కళ్లు బాగానే ఉన్నాయిలే, మా ఇంట్లో లైటే మసక." ఆ వెనకే డోలు ఆయన. "నా చూపుకేం తల్లీ, కాగితమే దూరంగా ఉంటుంది." ఇలా ఒకరికి తెలియకుండా ఒకరు బృందమంతా వచ్చారు. వెనక వరుస పెద్దావిడ మాత్రం ఏమీ అడగలేదు. నేరుగా బాబాయి దగ్గరికెళ్లి, "వచ్చే కచేరీకి కొత్త పాటేంటో తెలుసా బాబూ?" అంది. బాబాయి ముఖం వెలిగిపోయింది.

అందరూ వెళ్లిపోయాక బృంద నాయకుడు అటూ ఇటూ చూసి నా దగ్గరికొచ్చాడు.

"మా వాళ్లంతా ఆ లావు శైలే కావాలంటున్నట్టుంది. సరే, కానివ్వండి. నా ప్రతి మాత్రం ఇంకాస్త పెద్దగా వేయించమ్మా. నాయకుడన్నాక ఆ మాత్రం తేడా ఉండాలి కదా!"